నిరుద్యోగికి నెలవారీ భృతా, పని హామీనా: ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేటలో గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్న పట్టభద్రుణ్నీ, పని తగ్గిందని విజయవాడ ఆటోనగర్ షెడ్డు నుంచి ఇంటికి పంపేసిన లేతు కార్మికుణ్నీ మనం నిరుద్యోగులనే ఒక్క మాటతో పిలుస్తున్నాం గాని, ఒకరికి మేలైనది మరొకరికి మేలు కావాలని లేదు.

భృతి మనకు అనుభవమైన సంగతే. 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం నెలకు 1,000 రూపాయలతో మొదలై, 2019 ఎన్నికలకు ముందు 2,000కు పెరిగి, ప్రభుత్వం మారాక ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో 3,000 రూపాయల హామీగా తిరిగి వినిపించింది. బ్రాడీపేట కుర్రవాడికి ఆ వెయ్యి మెస్సు బిల్లుకు కూడా చాలకపోవచ్చు. కాని దరఖాస్తు రుసుముకు, జిరాక్సులకు, పరీక్షా కేంద్రానికి బస్సు చార్జీకి, అంటే ఇంటికి ఫోను చేసి నాన్నను అడగడానికి మొహం చెల్లని ఖర్చులకు, అది పనికొస్తుంది. దీన్ని తక్కువ చేసి చూసేవారు ఎన్నడూ ఖాళీ జేబుతో హాల్‌టికెట్టు పట్టుకుని నిలబడి ఉండరు. అయితే చదువును అర్హతగా పెట్టిన ఆ పథకంలో, డిగ్రీగాని డిప్లొమాగాని లేని లేతు కార్మికుడికి చోటు లేకపోయింది.

పని హామీకి ఆ అడ్డు లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనిని హక్కుగా ఇచ్చినా నగరాలను వదిలేసింది. కేరళ మాత్రం 2010లో అయ్యంకాళి పథకంతో పట్టణాలకూ అటువంటి పని హామీనే ఇచ్చింది. ఇక్కడ పనికి కొదవా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచాక, కాలువల్లో పూడిక తీయడమే ఏటేటా చేయదగినంత పని. చదువుకున్నవాడు పార పట్టడని అంటారు. పట్టనక్కర్లేదు, మునిగిన ఇళ్ల సర్వేకు, రికార్డుల నమోదుకు చదువే కావాలి.

నా మొగ్గు పని హామీ వైపే, అదీ చట్టంగా ఉంటేనే. ఉత్తర్వుతో వచ్చిన భృతిని ఆపడానికి ఖజానాలో డబ్బు లేదనే మాట చాలు. 2005 చట్టంలో మాత్రం, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే మొదటి 30 రోజులకు కూలిలో కనీసం పావు వంతు, ఆపైన కనీసం సగం నిరుద్యోగ భృతిగా చెల్లించాలని రాశారు. ఆ భృతి చేతికందినవారు అరుదే గాని, అడగడానికి వారికొక సెక్షను ఉండేది; యువనేస్తం ఆగిన నెల బ్రాడీపేట కుర్రవాడికి అదీ లేదు.