విట్టెన్‌బర్గ్ పగలు చూడండి, పడక మాత్రం ఎర్‌ఫర్ట్‌లో పెట్టుకోండి

జర్మనీలో ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ ఊళ్లు చూడాలనుకునేవాళ్లకి ముందుగా ఒక మాట. విట్టెన్‌బర్గ్‌కి పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేయండి. రాత్రి అక్కడ ఉండాల్సిన పనే లేదు. మేము ఉన్నాం. ఒక్క రాత్రికి 221 యూరోలు వదిలాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ పూట మా నాన్న ముఖం చిన్నబోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు.

మాది గుంటూరు. 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ బడుల్లోనే మా ఇంట్లో తరతరాలు చదువుకున్నాయి. మాలపల్లి నుంచి వెళ్లిన మా ముత్తాతని లోపలికి రమ్మని, అందరితో పాటు కూర్చోబెట్టి, చేతికి పలక ఇచ్చిన మొదటి చోటు ఆ బడి. నాన్న కూడా అలాంటి బడిలోనే 34 ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆయన నోట ఎప్పుడూ 'లూథర్ గారు' అనే వస్తుంది. నాకు లైప్‌జిగ్‌లో ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసినప్పుడు ఆయన మొదట అడిగింది జీతం గురించి కాదు, "అక్కడికి విట్టెన్‌బర్గ్ ఎంత దూరం తల్లీ?" అని.

2025 జులై రెండో వారంలో బయల్దేరాం. అమ్మకీ నాన్నకీ చెరో డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకున్నాను, అప్పట్లో ఒక్కోటి 58 యూరోలు. నెలంతా లోకల్, రీజినల్ రైళ్లు, సిటీ బస్సులు దీని మీదే తిరగొచ్చు. వేగంగా వెళ్లే ఐసీఈ మాత్రం ఎక్కకూడదు. ఇది చందా టికెట్ కాబట్టి 10వ తేదీలోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా లాగేస్తారు, కొన్న రోజే రద్దు చేసుకోండి. ఇంకో సంగతి, విట్టెన్‌బర్గె అని చివర 'ఎ'తో వేరే ఊరు ఉంది. యాప్‌లో 'లూథర్‌స్టాట్ విట్టెన్‌బర్గ్' అని చూసుకునే నొక్కాలి.

ఇక ఆ బస. పేరు రాయను. పాత ఊళ్లో గెస్ట్‌హౌస్, మూడు పడకల గది, రెండు రాత్రులకు 156 యూరోలు ముందే కట్టాను. మా రైలు ఆలస్యమై 6.20కి చేరాం. రిసెప్షన్ ఆరింటికే మూసేశారు. తలుపు పక్కన పెట్టెలో తాళం ఉంటుంది, నంబర్ నొక్కి తీసుకోండి అని మెయిల్‌లో రాశారు. నంబర్ నొక్కితే పెట్టె తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే, వస్తాను కానీ ఆలస్యంగా వచ్చినందుకు 20 యూరోలు అదనం అంది గెస్ట్‌హౌస్ ఆవిడ. తుంపర పడుతోంది. అమ్మకి మోకాళ్ల నొప్పి, సూట్‌కేస్ మీద కూర్చుంది. నాన్న గొడుగు అమ్మకి పట్టి తాను తడుస్తూ నిలబడ్డారు. అలా యాభై నిమిషాలు. తీరా గదిలో ఉన్నది రెండు పడకలూ ఒక సోఫా. రాత్రి నేను సోఫా మీద ముడుచుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నారు. అమ్మ ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడితో అన్నం కలిపి పెట్టింది, తిని బయల్దేరాం.

కాసిల్ చర్చి తలుపు దగ్గర ఒక విషయం ముందే తెలుసుకుని వెళ్లండి. 1517 అక్టోబర్ 31న లూథర్ 95 వాదాలు అంటించారని చెప్పే ఆ చెక్క తలుపు ఇప్పుడు లేదు, 1760లో యుద్ధంలో కాలిపోయింది. ఇప్పుడున్నది 1858లో పెట్టిన కంచు తలుపు. వాదాలన్నీ లాటిన్‌లో దాని మీదే పోతపోశారు. నాన్నకి ఇది తెలుసు. అయినా అరచేయి ఎత్తి, గాలిలోనే ఆ అక్షరాల వరుస వెంట కదిలించారు. అప్పట్లో టెట్జెల్ అనే సన్యాసి పాపక్షమాపణ పత్రాలు అమ్ముతూ తిరిగేవాడు. డబ్బు కట్టి చీటీ తీసుకుంటే పాపానికి పడాల్సిన శిక్ష తప్పుతుందని జనం నమ్మారు. ఆ సొమ్ములో కొంత రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, కొంత మైంజ్ ఆర్చిబిషప్ బ్యాంకర్లకు పడ్డ అప్పు తీర్చడానికి పోయేది. లూథర్ అడ్డుపడింది దానికి. లోపల ప్రసంగ వేదిక కింద ఆయన సమాధి. నాన్న అక్కడ నిలబడి, గుంటూరులో సంస్కరణ పండుగనాడు పాడే ఆయన కీర్తనే సన్నగా పాడారు. అమ్మ రెండో చరణం నుంచి గొంతు కలిపింది. ఆ పది నిమిషాల కోసమే అయితే విట్టెన్‌బర్గ్ వెళ్లాల్సిందే. లూథర్ కాపురం చేసిన ఇల్లు మేము వెళ్లినప్పుడు మరమ్మతుల కోసం మూసి ఉంది, పక్క భవనంలో ఎగ్జిబిషన్ పెట్టారు, దానికి ఒక గంట సరిపోయింది.

ఊరి చర్చికి వెళ్లాం. లూథర్ ఎక్కువగా ప్రసంగాలు చేసింది అక్కడే. ఆ చర్చి బయటి గోడ మీద, ఆగ్నేయ మూల పైన, 13వ శతాబ్దం నాటి రాతి చెక్కడం ఒకటి ఉంది. ఒక ఆడపంది, దాని పొదుగుకి నోరుపెట్టిన యూదులు, వెనక తోక ఎత్తి చూస్తున్న రబ్బీ, అంటే యూదు మతగురువు. యూదుల్ని అవమానించడానికే చెక్కారు. లూథర్ 1543లో యూదుల మీద దారుణమైన రాతలు రాశారు, వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమన్నారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత నాజీలు ఆ రాతల్ని వాడుకున్నారు. చెక్కడం తీసేయాలని ఒకాయన కోర్టుకు వెళ్తే, ఉంచొచ్చని 2022లో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు చెప్పింది. కింద నేల మీద 1988లో వేసిన స్మారక ఫలకం ఉంది, పక్కన సమాచార బోర్డు ఉంది. నాన్న ఆ బోర్డు మొత్తం నాతో చదివించుకున్నారు. మధ్యలో అమ్మ "పోదాం పదండి" అంటే, "ఉండు, పూర్తిగా చదవనీ" అన్నారు.

మూడింటికి గదికి వస్తే గెస్ట్‌హౌస్ ఆవిడ మా గదిలోనే ఉంది. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. అమ్మ కట్టి పెట్టుకున్న పచ్చడి సీసా ప్లాస్టిక్ సంచిలో వేసి వరండాలో పెట్టింది. గది వాసన వస్తోందట, పరుపు గుడ్డలన్నీ ఉతకాలట, శుభ్రం చేసినందుకు 45 యూరోలట. గదిలో తినకూడదని ఎక్కడ రాశారో చూపించమన్నాను. చూపించలేదు. అప్పుడు నాన్న ముందుకొచ్చి, తనకొచ్చిన ఇంగ్లీషులో మెల్లగా, "మేడమ్, మేం కూడా లూథరన్లమే" అన్నారు. ఆవిడ ఆయన వైపు చూడను కూడా లేదు. కార్డు మెషిన్ నా ముందు పెట్టింది.

నేను గొంతు పెంచాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి "ఇచ్చెయ్ తల్లీ, పోదాం" అన్నారు. రెండో రాత్రి డబ్బు వదులుకుని ఆ సాయంత్రమే లైప్‌జిగ్ వచ్చేశాం. రైల్లో గంటకు పైగా ఎవరం మాట్లాడలేదు. అమ్మ సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వచ్చేముందు గది, పడకలు, రసీదు అన్నిటికీ ఫొటోలు తీశాను. మీరు ఎక్కడ దిగినా చేరిన వెంటనే ఒకసారి, వదిలే ముందు ఒకసారి ఫొటోలు తీయండి. నా ఫిర్యాదు నిలబడింది వాటి వల్లే.

మర్నాడు హాలె అనే ఊరు. ఇక్కడ ఆగమని తెలుగువాళ్లకి గట్టిగా చెప్తాను. 1698లో ఫ్రాంకె అనే పాదిరి కట్టించిన అనాథాశ్రమం, బడులు, ముద్రణాలయం వీధి వీధంతా అలాగే ఉన్నాయి. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ ఇక్కడికి తిరిగి వచ్చాక, 1746 నుంచి తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేయించారు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవే. అందులో క్రైస్తవ నమ్మకాలను ప్రశ్నలూ జవాబులుగా నేర్పే లూథర్ చిన్న ప్రశ్నోత్తరి కూడా ఉంది. నాన్న ఏడేళ్ల వయసులో కంఠతా పట్టి, తర్వాత వందల మంది పిల్లలతో పట్టించింది దాన్నే. పుస్తకం చూడాలంటే లైబ్రరీకి ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి, నేను రాయలేదు. ఈ యాత్రలో నేను చేసిన పెద్ద తప్పు అదే, మీరు చేయకండి. నాన్న మాత్రం ఆ వీధిలో రాతి మెట్ల మీద కూర్చుని మొదటి ఆజ్ఞ నుంచి మొదలుపెట్టి అర్థాలతో సహా చెప్పుకుంటూ పోయారు. ముందు రోజు నుంచి ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఎర్‌ఫర్ట్‌లో బస అగస్టీనియన్ మఠంలో. 1505 జులై 17న లూథర్ సన్యాసిగా చేరింది ఈ మఠంలోనే. అంతకు రెండు వారాల ముందు పిడుగు పక్కనే పడితే భయపడి మొక్కుకున్న మొక్కు అది. ఇప్పుడు అతిథి గదులు ఇస్తారు. రెండు రాత్రులకు రెండు గదులు, టిఫిన్‌తో కలిపి మాకు 364 యూరోలు అయింది. టీవీ ఉండదు. తెల్లటి దుప్పటి, బల్ల, కిటికీ, అంతే. మేము చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది, కాపలా ఆయన తాళాలు ఇచ్చి అమ్మ సూట్‌కేస్ గది దాకా మోసుకొచ్చాడు. అదనం అన్న మాటే లేదు. టిఫిన్ దగ్గర వడ్డించే పెద్దావిడ అమ్మ రొట్టె ముక్కతో కుస్తీ పడటం చూసి, అడగకుండానే వేడి నీళ్లూ నిమ్మకాయ ముక్కా తెచ్చిపెట్టింది. అమ్మ సంచిలోంచి సీసా తీయబోయి నా వైపు చూసింది. నేనే మూత తీసి ఆవిడకి చూపించాను. ఆవిడ వాసన చూసి, రొట్టె మీద కొంచెం రాసుకుని తింది. కళ్లు చెమర్చాయి, కారానికి. ఇంకో ముక్క కూడా తింది. అమ్మ ఆ రోజంతా హుషారు.

మఠం చర్చిలో బలిపీఠం ముందు ఒక సమాధి రాయి ఉంది. లూథర్ సాష్టాంగపడి ప్రమాణం చేసింది దాని మీదేనట. కింద పడుకున్నది జకారియే అనే పండితుడు, చర్చి పెద్దల కాన్‌స్టాన్స్ సభలో యాన్ హుస్ అనే చెక్ పాదిరికి ఎదురు వాదించినాయన. పోపుని ఎదిరించినందుకు హుస్‌ని 1415లో బతికుండగా కాల్చేశారు. తొంభై ఏళ్ల తర్వాత హుస్ దారినే నడిచిన మనిషి ప్రమాణం చేసింది, హుస్‌ని దోషిగా నిలబెట్టినాయన సమాధి మీద. పాత లైబ్రరీ నేలమాళిగలో 1945 ఫిబ్రవరి 25న బాంబులు పడి, తలదాచుకున్న 267 మంది చనిపోయారు. అక్కడ ఊరికే నిశ్శబ్దంగా కూర్చోవచ్చు, కూర్చోండి.

ఐసెనాఖ్, వార్ట్‌బర్గ్ కోట ఒక పూటలో అయిపోయాయి. బస్సు కోట కిందే ఆపేస్తుంది, మిగతాది మెట్లే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. 1521లో వోర్మ్స్ సభలో చక్రవర్తి ఐదో చార్లెస్ ముందు మాట వెనక్కి తీసుకోనన్న లూథర్‌ని, సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ ఎత్తుకుపోయినట్టు నాటకమాడించి దాచింది ఇక్కడే. పదకొండు వారాల్లో బైబిల్ కొత్త నిబంధనని జర్మన్‌లోకి మార్చిన గది చిన్నది. బల్ల కింద తిమింగలం వెన్నెముక ఎముక ఉంది, కాళ్లు పెట్టుకునే పీట.

చివరి రోజు మ్యూల్‌హాజెన్. 1525లో జర్మనీ రైతులు చేసిన తిరుగుబాటుకి 500 ఏళ్లని అక్కడి రాష్ట్ర ప్రభుత్వం పెద్ద ఎగ్జిబిషన్ పెట్టింది. ఈ ఊరి మరియమ్మ చర్చిలో పాస్టరుగా ఉన్న థామస్ ముంట్జర్ మొదట్లో లూథర్ మనిషే. తర్వాత విడిపోయి రైతుల పక్షం వెళ్లాడు. క్రీస్తు రక్తం కార్చింది అందరి కోసం కదా, మరి మేము దొరలకు బానిసలం ఎలా అవుతాం అని రైతులు తమ పన్నెండు డిమాండ్లలో మూడోదానిలో అడిగారు. ఆ మాట వాళ్లకి వచ్చింది లూథర్ రాతల నుంచే. అదే లూథర్ 1525 మేలో, తిరగబడ్డ రైతుల్ని పిచ్చికుక్కల్లా చంపమని దొరలకు రాశారు. మే 15న ఫ్రాంకెన్‌హాజెన్ దగ్గర వేల మందిని నరికేశారు. ముంట్జర్‌ని చిత్రహింసలు పెట్టి మే 27న ఈ ఊరి బయటే తల తీశారు.

నాన్న ఇక్కడ మూడు గంటలు ఉన్నారు. అన్ని రోజుల్లోనూ ఎక్కువసేపు చూసింది ఇదే. ఆ మూడో డిమాండ్‌ని నాతో రెండుసార్లు తెలుగులో చెప్పించుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక, "లూథర్ గారు రైతుల్ని చంపమన్న ఆ మాట రాయకుండా ఉండాల్సింది" అన్నారు. కాసేపాగి, "మా తాత ఉండుంటే రైతుల్లోనే ఉండేవాడు" అన్నారు. ఆ పన్నెండు డిమాండ్ల నకలు ప్రతి 4.50 యూరోలకి కొనుక్కున్నారు, ఊళ్లో ఆదివారపు బడి పిల్లలకి చూపిస్తారట.

అమ్మానాన్న తిరుగు ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టులో ఉండగా గెస్ట్‌హౌస్ నుంచి మెయిల్ వచ్చింది. 45 యూరోలు తిరిగి వేస్తున్నారు. నాన్నకి చెప్పాను.

"క్షమించమని ఏమైనా రాశారా?" అని అడిగారు.

రాయలేదు.