మధురపూడిలో దిగి కోనసీమకు కారు: బిల్లు ఎక్కడ ఉబ్బుతుందంటే

మధురపూడిలో ఉన్న రాజమండ్రి విమానాశ్రయంలో దిగి కోనసీమ చుట్టి రావాలనుకునేవాళ్లకి చూడాల్సిన చోట్లకు కొదవ లేదు. మెలికంతా కారు లెక్కలోనే. ఫోన్లో "ఆయ్, కిలోమీటరుకి పదమూడేనండీ" అన్న గొంతు ఎంత తియ్యగా ఉంటుందో, చివరి రోజు చేతికొచ్చే కాగితం అంత చేదుగా ఉంటుంది. అందులో ఫలానా చోట మోసం జరిగిందని వేలు పెట్టి చూపించలేం. మనం అడగకుండా వదిలేసిన ప్రతి ప్రశ్నకీ ఒక రేటు పడి ఉంటుంది.

మొదటిది రోజువారీ మినిమం. డ్రైవరుతో వచ్చే బండికి రోజుకు 250 లేదా 300 కిలోమీటర్లు, తిరిగినా తిరగకపోయినా కట్టాలి. 13 రూపాయల రేటు, 300 మినిమం, డ్రైవర్ బేటా (అతని తిండీ తిప్పల ఖర్చు) రోజుకు 400 అనుకుందాం. రెండు రోజులకు 7,800, బేటా 800, వెరసి 8,600. తీరా తిరిగింది 420 కిలోమీటర్లే అయితే కిలోమీటరుకి ఇరవై రూపాయలు దాటినట్టే. కోనసీమలో ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఇలాగే అవుతుంది. అందుకే రేటు 13 బదులు 14 ఉన్నా సరే, 250 మినిమం ఇచ్చేవాడే మేలు.

అసలు దెబ్బ 'రోజు' అన్న మాట దగ్గర తగులుతుంది. బయటి ఊళ్ల ట్రిప్పుకి చాలామంది రోజును ఇరవై నాలుగు గంటలుగా కాక, తేదీల లెక్కన చూస్తారు. సాయంత్రం ఆరింటికి ఎక్కి హోటల్లో దిగిపోయినా ఆ తేదీకి మినిమం పడుతుంది. పైన చెప్పిన రెండు రోజులూ మూడు తేదీలైపోయి బిల్లు 12,900కి చేరుతుంది. సాయంత్రం విమానమైతే ఊళ్లోకి విడిగా డ్రాప్ మాట్లాడుకుని, తిరుగుడు మర్నాడు పొద్దున మొదలుపెట్టండి.

రెండోది షెడ్డు. మీటరు మీరు ఎక్కిన చోట మొదలవదు. బండి షెడ్డులోంచి కదిలినప్పుడు మొదలై, తిరిగి షెడ్డు చేరాక ఆగుతుంది. విమానాశ్రయం రాజమండ్రికి ఉత్తరాన సుమారు 18 కిలోమీటర్లు, బండి ఆ ఊరిదే అయితే ఆ మాత్రం భరించవచ్చు. కానీ బండి అమలాపురం నుంచి వస్తే ఎనభై కిలోమీటర్ల ఖాళీ పరుగు మీ ఖాతాలోనే. "బండి ఏ ఊరిది?" అని ముందే అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. ఎక్కగానే, దిగేముందు మీటరు ఫోటో తీయండి. టోల్ అని రాస్తే ఏ గేటులో ఎప్పుడు పడిందో ఫాస్టాగ్ మెసేజ్ చూపించమనండి. మొహమాటపడితే మీకే నష్టం.

సొంతంగా నడుపుకునే బండైతే ముందు నంబరు ప్లేటు చూడండి. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు బండి సొంత వాడకానికి రిజిస్టరైంది. చవగ్గా వస్తుంది నిజమే, ప్రమాదం జరిగితే అద్దెకిచ్చారన్న కారణంతో ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేసే వీలుంది. డిపాజిట్ కట్టేముందు నాలుగు వైపులా, బంపరు అడుగు, స్టెప్నీ, చక్రాల రిమ్ములు వీడియో తీయండి. గీతల గొడవలు ఎక్కువగా ఎడమ వైపువే, ఎందుకో రోడ్డెక్కాక తెలుస్తుంది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి, బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్లే దారి అందమైనది, ఇరుకైనది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క కొబ్బరిచెట్లు. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఎడమకి దిగి ఆగాల్సిందే, ఆ దిగడంలోనే రిమ్ము గీసుకుంటుంది. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. రాత్రి పరదాలు కప్పి అంచులకు రాళ్లు పెడతారు, హెడ్‌లైట్లో అవి కనపడేసరికే ఆలస్యం అవుతుంది. చీకటి పడ్డాక గట్టు రోడ్లు వద్దు. శనివారం వాడపల్లి వెంకన్న భక్తులతో ఆ దారంతా కిక్కిరిసి, వెనక సీటులో పెద్దవాళ్ల ఓపిక రావులపాలెం చేరకముందే అయిపోతుంది. ఆ రోజు హైవే పట్టుకోండి.

ర్యాలి, అయినవిల్లి, అప్పనపల్లి గుళ్లకు వెళ్లడానికి ఇబ్బందేమీ ఉండదు. దిండిలో గది బుక్ చేసేటప్పుడు డ్రైవరు పడుకోవడానికి చోటుందో లేదో అడగండి. బండిలో పడుకుని దోమలతో తెల్లవార్లూ పోరాడినవాడు పొద్దున స్టీరింగ్ దగ్గర కునుకు తీస్తాడు.

అంతర్వేది చూసి నరసాపురం వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో కారుని పంటు (బళ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించవచ్చు. కిందికి ఉండే సెడాన్ అయితే మనుషుల్ని దింపేసి, ర్యాంపు మీద మెల్లగా ఎక్కించాలి, లేకపోతే బంపరు గీసుకుంటుంది. రేవు వద్దనుకుంటే దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా చుట్టు తిరగాలి. ఆ కిలోమీటర్లు ముందే లెక్కేసుకోండి. జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం నీటిమట్టం చూశాకే అడ్వాన్సు పంపండి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. హెచ్చరిక పడిందంటే పంట్లు ఆగుతాయి, లంకల (గోదావరి మధ్య దీవుల) దారుల్లో కాజ్‌వేలు మునుగుతాయి. అడ్వాన్సు వెనక్కి ఇస్తారా అన్నదీ అప్పుడు కాదు, ముందే తేల్చుకోండి.

తిరుగు దారి ముమ్మిడివరం, యానాం, ద్రాక్షారామం మీదుగా పెట్టుకుంటే పెట్రోలు కలిసొస్తుంది. యానాం పుదుచ్చేరిలోది, పన్ను తక్కువ కాబట్టి రేటూ తక్కువే. డ్రైవరుతో వచ్చే టాక్సీ అయితే ఆల్ ఇండియా పర్మిట్ ఉందో లేదో ముందే కనుక్కోండి. సెల్ఫ్ డ్రైవ్ వాళ్లు 'ఫుల్ టు ఫుల్' (ట్యాంకు నిండుగా ఇస్తాం, నిండుగానే అప్పగించాలి) అంటారు కాబట్టి యానాంలో నింపినా మధురపూడి చేరేలోపు ఇంకో రెండు మూడొందలు పోయించి ఆ రసీదు దగ్గర పెట్టుకోండి. ఆత్రేయపురంలో కొన్న పూతరేకులు మాత్రం డిక్కీలో వేయకండి. ఎండకి నెయ్యి కరిగి డబ్బా అడుగున చేరుతుంది, పైనున్న సంచుల బరువుకి రేకులు పొడైపోతాయి.