ప్రొటెక్టెడ్ ప్లానెట్ సైటు: అంకె బాగుంది, అర్థం చేసుకుంటేనే

ఏ దేశం తన నేలలో ఎంత భాగాన్ని ప్రకృతి రక్షణకు కేటాయించిందో తెలియాలంటే ముందుగా తెరవాల్సింది ప్రొటెక్టెడ్ ప్లానెట్ సైటే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగానికి చెందిన డబ్ల్యూసీఎంసీ (ప్రపంచ సంరక్షణ పర్యవేక్షణ కేంద్రం), ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) కలిసి దీన్ని నడుపుతున్నాయి. డేటా నెలనెలా మారుతుంది. చూడటం ఉచితం, వ్యాపారానికి వాడాలంటే మాత్రం అనుమతి తీసుకోవాలి. 2030కల్లా ప్రపంచంలో నేల, సముద్రాల్లో 30 శాతాన్ని రక్షించాలన్న లక్ష్యానికి లెక్క ఇక్కడిదే: 2024 నివేదికలో నేల, లోతట్టు జలాలు కలిపి 17.6 శాతం, సముద్రం 8.4.

దేశం పేజీ చక్కగా ఉంది. చిక్కంతా డౌన్‌లోడ్ దగ్గర. షేప్‌ఫైల్ (హద్దుల మ్యాపు ఫైలు) మూడు భాగాలుగా వస్తుంది. ఒక్కటే తెరిస్తే బోలెడన్ని పార్కులు మాయం. అన్నిటికన్నా ఎక్కువమంది చేసే తప్పు, రిపోర్టెడ్ ఏరియా (ఒక్కో చోటుకు చెప్పిన వైశాల్యం) కాలమ్‌ను కూడేయడం. మన కొల్లేరునే తీసుకోండి: అభయారణ్యంగా 308 చదరపు కిలోమీటర్లు, రామ్‌సర్ స్థలంగా (అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేలగా) 901. రెండూ కూడితే ఒకే నీళ్లను రెండుసార్లు లెక్కేసినట్టు. ముందు స్టేటస్ కాలమ్‌లో ‘ప్రపోజ్డ్’, ‘నాట్ రిపోర్టెడ్’ వరుసలు, యునెస్కో బయోస్ఫియర్ రిజర్వులు తీసేయాలి. తర్వాత హద్దులన్నీ డిజాల్వ్ చేసి (ఒకదానిమీద ఒకటి పడ్డవాటిని ఒకటిగా కలిపి), మోల్‌వైడ్ లాంటి సమవైశాల్య ప్రొజెక్షన్‌లో, అంటే వైశాల్యం తేడా రాని మ్యాపు పద్ధతిలో కొలవాలి. హద్దుల్లేకుండా ఒక్క చుక్కగా ఉన్న చోట్లకు, చెప్పిన వైశాల్యమంత వృత్తం గీస్తారు. అది ఒక్కోసారి పక్క దేశంలోకీ పోతుంది.

అసలు లోపం వేరే. ఈ శాతం కొలిచేది నోటిఫికేషన్‌ను, రక్షణను కాదు. కొల్లేరు 1999లోనే అభయారణ్యం; అయినా 2006లో చేపల చెరువుల గట్లు పేల్చాల్సి వచ్చింది. ఆ చెరువులు ఉన్నా పోయినా శాతంలో తేడా రాదు. నిర్వహణ మూల్యాంకనం విభాగం ఉంది కానీ, మూల్యాంకనం జరిగిందా లేదా అన్నదే చెబుతుంది, ఎన్ని మార్కులొచ్చాయో చెప్పదు.

భారత్ లెక్కను వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ జాబితాతో సరిచూసుకోవడం మంచిది. జాతీయ పార్కులు, అభయారణ్యాలు, కన్జర్వేషన్, కమ్యూనిటీ రిజర్వులు మాత్రమే అందులో ఉంటాయి, మొత్తం సుమారు 5 శాతం. టైగర్ రిజర్వుల చుట్టూ ఉండే బఫర్, మామూలు రిజర్వు ఫారెస్టు అందులో రావు.

కిందటేటి ఫైలుతో పోల్చి ‘దేశం ఇంత పెంచింది’ అని రాసేముందు స్టేటస్ ఇయర్ (రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఏడాది) కాలమ్ చూడండి. పెరిగింది కొత్త పార్కు కాకపోవచ్చు, ప్రభుత్వం ఆలస్యంగా పంపిన పాత హద్దులే కావచ్చు. అంకె పక్కన డౌన్‌లోడ్ చేసిన నెల కూడా రాసి పెట్టుకోవాలి.