పెట్టె మీద రోజులు, చేతి మీద రోజులు: స్మార్ట్‌వాచీ బ్యాటరీ లెక్క

పెట్టె మీద ‘ఏడు రోజుల బ్యాటరీ’ అని వేస్తే అది పచ్చి అబద్ధమేం కాదు. కాలింగ్ బందు పెట్టి, వెలుతురు సగానికి దించి, మెసేజీలు తక్కువ వచ్చేటట్టు చూసుకొని కట్టిన లెక్క అది. ఇంటి గ్రూపు, ఊరి గ్రూపు, బడి గ్రూపు కలిసి రోజుకు రెండు వందల సార్లు చెయ్యి వణికించే మనుషులకు ఆ ఏడు నాలుగైదుకు దిగుతది. కాలింగ్ ఆన్‌లో ఉంచి రోజుకు అరగంట వాచీలోనే మాట్లాడితే రెండు రోజుల చిల్లర, అంతే.

ఈ సమీక్షకు ఆధారం మూడు రకాలు: రోజూ చార్జింగ్ అడిగే ఖరీదైన వాచీ, రెండు మూడు వేల రూపాయల కాలింగ్ వాచీ, రెండు వారాలు నడిచే సన్న బ్యాండు. మూడూ రెండేండ్లకు పైగా నల్లగొండ ఎండ, మిర్యాలగూడ రైసుమిల్లుల దుమ్ము, బోరు నీళ్ళు చూసినవే. కొనొచ్చా అంటే కొనొచ్చు. కాకపోతే ‘ఒక్క చార్జింగుకు ఎన్ని రోజులు’ అని అడిగేవాళ్ళు ‘మొత్తం మీద ఎన్ని ఏండ్లు’ అని కూడా అడగాలె. రెండో జవాబు మొదటిదాంట్లోనే ఉంటది.

ఎట్లనంటే, వాచీలో ఉండేది కూడా ఫోన్లో ఉండే లిథియం బ్యాటరీయే. ఫోనుకు 5000 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత కరెంటు దాచుకుంటదో చెప్పే కొలత) ఉంటే దీనికి 200 నుంచి 500 దాకా ఉంటది. మామూలు లిథియం సెల్లు 300 నుంచి 500 సార్లు నిండుగా ఎక్కి దిగేసరికి మొదటి సత్తువలో 80 శాతానికి పడిపోతది. రోజూ చార్జింగ్ పెట్టే వాచీకి ఏడాదికి 365 సార్లు పడతయి, అంటే ఏడాదిన్నర లోపే ఆ గీత దగ్గరికి వస్తది. వారానికోసారి పెట్టేదానికి ఏడాదికి 52 మాత్రమే. యాపిల్ తన వాచీ బ్యాటరీ 1000 సార్ల తర్వాత కూడా 80 శాతం నిలిచేటట్టు చేసినమంటది గనక దానికి రెండున్నర ఏండ్లకు పైనే వస్తయనుకోవచ్చు.

80 శాతమంటే పెద్ద నష్టం కాదనిపిస్తది. ఏడు రోజుల వాచీ అయిదున్నర రోజులకు దిగితే నిజంగానే ఎవరికీ పట్టదు. అదే 18 గంటల వాచీ 14 గంటలకు దిగితే పొద్దున ఆరింటికి కట్టింది రాత్రి ఎనిమిదిన్నర కాకముందే చేతులెత్తేస్తది. అరిగేది ఒకే లెక్కన, దెబ్బ తగిలేది మాత్రం తక్కువ గంటల వాచీకే.

సిరీస్ 4 నుంచి సిరీస్ 10 దాకా యాపిల్ చెప్పుకుంటూ వచ్చింది 18 గంటలే. 2025లో వచ్చిన సిరీస్ 11కు 24 గంటలన్నది, అల్ట్రా 2కు 36. ఐఫోన్ లేకుంటే ఇవేవీ పనికిరావు. శామ్‌సంగ్ గెలాక్సీ వాచీలు 2021లో వచ్చిన వాచ్ 4 నుంచి వాచీల కోసం గూగుల్ చేసిన వేర్ ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తయి. ఐఫోన్‌కు కలవవు, మామూలు రకాలకు రోజు రోజున్నర కంటే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఇవి ఒక రకంగా చేతికి కట్టిన చిన్న ఫోన్లు, తిండి కూడా ఫోను తిండే. 2024లో వన్‌ప్లస్ వాచ్ 2 ఇదే వేర్ ఓఎస్‌తో 100 గంటలు ఇస్తమన్నది. దాంట్లో రెండు చిప్పులు ఉన్నయి: టైము చూపడం, అడుగులు లెక్కపెట్టడం లాంటి చిల్లర పనులన్నీ చిన్న చిప్పు చూసుకుంటది, పెద్దది నిద్రపోతది. పైగా 500 ఎంఏహెచ్ బ్యాటరీ. నాయిస్, బోట్, ఫైర్‌బోల్ట్, రెడ్‌మీ, అమేజ్‌ఫిట్ వాచీల్లో ఎక్కువ శాతం సొంత చిన్న సాఫ్ట్‌వేర్‌తో నడుస్తయి. బయటి యాప్‌లు పెద్దగా వేసుకోలేం, బదులుగా వారం పది రోజులు వస్తది.

కొన్న వాచీ ఎంత నడుస్తదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మొదటి వారం లెక్కలోకి తీసుకోవద్దు. కొత్త మోజులో తెర ఊకె వెలిగిస్తం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా అప్పుడే దిగుతయి. తర్వాత ఒకరోజు రాత్రి పదింటికి 100 చేసి తీయండి. పొద్దున ఆరింటికి ఒకసారి, మళ్ళీ రాత్రి పదింటికి ఒకసారి శాతం రాసుకోండి. 24 గంటల్లో 14 పోయిందంటే అది ఏడు రోజుల వాచీ. కానీ ఎవరమూ సున్నా దాకా ఆగం, 15 దగ్గర తీసి పెడతం. అంటే చేతి మీద ఆరు రోజులు.

అసలు సంగతి ఆ రాత్రి అంకెలో ఉంటది. వారం నడవాల్సిన వాచీ ఎనిమిది గంటల నిద్రలో నాలుగు శాతానికి అటూఇటుగా తినాలె. పది తిన్నదంటే తెర ఆరినా లోపల ఏదో మేలుకొని ఉన్నట్టే. అది ఏదో పట్టుకోవాలంటే ఒక్కో రాత్రి ఒక్కటే బందు పెట్టి చూడాలె. అన్నీ ఒక్కసారే ఆర్పేస్తే దొంగ దొరకడు.

ఎక్కువసార్లు దొరికేది బ్లూటూత్ కాలింగే. ఫోన్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ జాబితా తెరిచి చూడండి. చాలా కాలింగ్ వాచీలకు రెండు కనెక్షన్లు ఉంటయి: మెసేజీలు, అడుగుల లెక్కల కోసం సన్నది ఒకటి, మాటల కోసం పెద్దది ఒకటి. ఆ రెండోది వేరే పేరుతో కనిపిస్తది. కాల్ లేకున్నా అది ఫోనుతో లంకె పెట్టుకునే ఉంటది. వాచీలో కాలింగ్ గుర్తును ఆర్పితే అది తెగిపోతది, మెసేజీలు మాత్రం ఎప్పటిలాగే వస్తయి. బండి మీద ఉన్నప్పుడో, పొలంలో చేతులు ఖాళీ లేనప్పుడో వెలిగించుకొని, తర్వాత ఆర్పేస్తే రెండున్నర రోజుల వాచీ అయిదు రోజులకు ఎక్కుతది. ఖర్చు లేని మరమ్మతుల్లో ఇది మొదటిది.

రెండోది వాచీలో కాదు, ఫోన్లో ఉంటది. షావోమీ, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లు తమ బ్యాటరీ మిగుల్చుకునేందుకు వెనక నడిచే వాచీ యాప్‌ను చంపేస్తుంటయి. యాప్ చచ్చినప్పుడల్లా వాచీ ఫోను కోసం వెతుకుడు మొదలుపెడతది, దొరికినాక మళ్ళీ లెక్కలన్నీ ఒప్పజెప్తది. ఈ వెతుకులాటకు బ్యాటరీ కరిగిపోతది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌కు పోయి, వాచీ యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర ‘నో రెస్ట్రిక్షన్స్’ పెట్టండి, ఆటోస్టార్ట్ వెలిగించండి, రీసెంట్స్‌లో దానికి తాళం గుర్తు వేయండి. ఇంట్లో ఫోన్ వదిలేసి వాచీ ఒక్కటే కట్టుకొని చెలక కాడికి పోయేవాళ్ళు వాచీలోనే బ్లూటూత్ ఆర్పేసే వీలుంటే ఆర్పేయాలె, లేకుంటే పొద్దంతా వెతుకుతనే ఉంటది.

చెయ్యి లేపితే తెర వెలిగే సదుపాయం మరొకటి. సిమెంటు రోడ్డు మీద ఏం కాదు. గుంతల దారిలో బండి మీద పోతే ప్రతి కుదుపుకూ చెయ్యి లేచిందనుకొని తెర వెలుగుతది. రోజూ ఇరవై ముప్పై కిలోమీటర్లు అట్ల తిరిగేవాళ్ళు దీన్ని ఆర్పి, నొక్కితే వెలిగేటట్టు పెట్టుకుంటే రోజుకు మూడు నాలుగు శాతం మిగులుతది. నల్ల రంగు వాచ్‌ఫేస్ పెడితే బ్యాటరీ ఆదా అన్న మాట నల్లగా ఉన్నచోట వెలుగే లేకుండా ఆరిపోయే అమోలెడ్ తెరలకే వర్తిస్తది. మామూలు ఎల్‌సీడీలో వెనక దీపం ఎట్లా వెలిగే ఉంటది, నల్లదైనా తెల్లదైనా ఖర్చు ఒకటే.

ఇక ఆరోగ్యం పేరు మీద అయ్యే ఖర్చు. గుండె వేగాన్ని వాచీలు వెనకున్న పచ్చ దీపం వెలుగుతో బాగానే చూస్తయి, కదలకుండా కూర్చున్నప్పుడు మరీ బాగా. పట్టీ వదులుగా ఉంటే, లేదా బోరు నీళ్ళ తెల్ల పొర వెనక అద్దం మీద పేరుకుంటే, పచ్చ దీపం చాలక సెన్సార్ ఇంకా గట్టిగా వెలిగిస్తది. మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, వేలు దూర్చితే కష్టంగా దూరేంత బిగువుగా కట్టాలె. రక్తంలో ఆక్సిజన్‌ను రాత్రంతా కొలిచే ఏర్పాటు చాలామందికి అక్కరలేదు, అవసరమైనప్పుడు నొక్కి చూసుకుంటే చాలు. డాక్టర్లు వాడే గాలి పట్టీ బిగించకుండానే బీపీ చెప్తమనే చౌక వాచీలను మాత్రం ఒక బత్తాయి కాయకు కట్టి చూడండి. కాయకు కూడా గుండె కొట్టుకుంటున్నట్టు, బీపీ 118/76 ఉన్నట్టు చూపించే రకాలు ఉన్నయి. షుగర్ చెప్తమనేవి ఇంకో అడుగు ముందుకేసినవి. సూది గుచ్చకుండా షుగర్ కొలుస్తమనే వాచీలను, ఉంగరాలను నమ్మొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఆ గుర్తులు ఆర్పేస్తే మందుల విషయంలో మోసపోకుండా ఉంటరు, బ్యాటరీ కూడా మిగులుతది.

ఎండ గురించి. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే. లిథియం సెల్లును 45 దాటిన వేడిలో చార్జ్ చేయొద్దన్నది పాత సూత్రం. మామూలు యాపిల్ వాచీనైతే 35 డిగ్రీల లోపలే వాడమని కంపెనీ చెప్తది. రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట, బండి డ్యాష్‌బోర్డు మీద, కిటికీ ఎండలో చార్జింగ్ పెడితే ఏడాదిలోనే తేడా తెలుస్తది. పొద్దున స్నానం చేసే ఇరవై నిమిషాలు మంచి సమయం: వాచీ ఎట్లాగూ చేతికి ఉండొద్దు, గది చల్లగా ఉంటది. వేడి నీళ్ళ ఆవిరి రబ్బరు సీలు సందుల్లోంచి దూరుతది గనక నీళ్ళు తట్టుకుంటదన్న గుర్తు ఐపీ68 అని రాసి ఉన్నా స్నానానికి కట్టుకోవద్దు. వాచీ తెర ఒక పక్క కొద్దిగా లేచినట్టు, గోరు దూరేటట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. నొక్కి అతికించొద్దు, చార్జింగ్ పెట్టొద్దు.

‘చార్జింగ్ ఎక్కుతలేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి బ్యాటరీ కారణం కాదు, వెనక ఉన్న రెండు చుక్కలే కారణం. చెమట ఉప్పు ఆ బంగారు పూత చుక్కల మీద ఆరి, నలుపూ పచ్చా కలిసిన పొర కడతది. వాచీ ఆఫ్ చేసి, పాత మెత్తటి టూత్‌బ్రష్‌కు మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు అద్ది, చుక్కల మీద, చార్జర్ పిన్నుల మీద గుండ్రంగా రుద్దండి. పది నిమిషాలు ఆరనిచ్చి పెట్టండి. ఇసుక కాగితంతో, బ్లేడుతో గీకొద్దు. పూత పోతే నెలలోనే మళ్ళీ తుప్పు పడతది, ఆ తర్వాత ఆగదు. చార్జర్ పిన్నులు వేలితో నొక్కితే లోపలికి పోయి తిరిగి లేవాలె. ఒకటి లోపలే ఇరుక్కుంటే అక్కడే సమస్య.

ఆ చార్జర్ అయస్కాంతం కదా, ప్లగ్గులో వదిలేస్తే పిన్నీసునో, స్టేప్లర్ పిన్నునో లాక్కుంటది. రెండు పిన్నుల మీద అడ్డంగా పడిందంటే షార్టే. వాడనప్పుడు తీసేయాలె. పోగొట్టుకొని కొత్తది కొనేటప్పుడు రెండు పిన్నుల మధ్య ఎడం చూసుకోండి, 4 మిల్లీమీటర్లవి, 2.84 మిల్లీమీటర్లవి వేర్వేరుగా అమ్ముతరు. అడాప్టర్ 5 వోల్టులు 1 ఆంపియర్ ఉన్న పాత ఫోన్‌ది చాలు. ప్రయాణంలో పవర్‌బ్యాంకుకు పెడితే కాసేపటికే ఆగిపోతుందని కంగారు పడొద్దు. వాచీ లాగే కరెంటు మరీ తక్కువ గనక ఏమీ లేదనుకొని పవర్‌బ్యాంకు తనంతట తనే ఆరిపోతది. చిన్న పరికరాల మోడ్ ఉంటే అది పెట్టాలె, లేదా అదే పవర్‌బ్యాంకుకు ఫోను కూడా తగిలిస్తే సరి.

బ్యాటరీ మార్చడం ఎక్కువ వాచీల్లో గిట్టుబాటు కాదు. తెరను జిగురుతో అతికించి ఉంటరు, విప్పితే నీటి రక్షణ పోయినట్టే. రెండు మూడు వేల వాచీకి కంపెనీలు వారంటీలో బాగుచేయడం కంటే మార్చి ఇవ్వడమే ఎక్కువ. అందుకే కొనేముందు కంపెనీ సైట్లో మన పిన్‌కోడ్, నల్లగొండది 508001 గానీ మహబూబ్‌నగర్‌ది 509001 గానీ కొట్టి, పికప్ ఉందో, మనమే హైదరాబాద్ దాకా పోవాల్నో చూసుకోవాలె. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్లు, రెండుసార్లు పోయి వస్తే బస్సు కిరాయి, పోయిన కూలీ కలిసి వాచీ ఖరీదుకు దగ్గరైతది. షాపులో ఉన్నప్పుడే తెలుగులో ఒక మెసేజీ పంపించుకొని కూడా చూడండి. హిందీ చక్కగా చూపి తెలుగును డబ్బాలు డబ్బాలుగా చూపే వాచీలు ఇంకా ఉన్నయి.

ఎవరికి ఏది? నడక, నిద్ర, మెసేజీలు చాలనుకుంటే రెండు వారాల బ్యాండును మించింది లేదు. బండి మీద తిరిగే పనివాళ్ళకు 300 ఎంఏహెచ్‌కు తగ్గని కాలింగ్ వాచీ. రోజూ చార్జింగ్ అలవాటు ఉండి, ఈసీజీ, కింద పడితే ఇంటివాళ్ళకు కబురు పోయే ఏర్పాటు కావాలనుకునే పెద్దవాళ్ళకు ఖరీదైనది దండగ కాదు, కానీ రాత్రి పెట్టడం మరిచిపోయే మనిషి అయితే అవసరమైన రోజు అది చచ్చి ఉంటది. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు దీనికి డబ్బు పెట్టడం ఎందుకో. హాల్లోకి ఎలక్ట్రానిక్ వాచీ రానియ్యరు, ఆ రోజు మళ్ళీ పాత ముల్లుల వాచీ వెతుక్కోవాల్సిందే, అదీ రానిస్తరో లేదో హాల్‌టికెట్‌లో చూసుకొని.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు 100 ఉన్నప్పుడు చేతికి తీసుకొని, వెలుతురు పూర్తిగా పెంచి, అరగంట వర్కవుట్ నడిపించి చూడాలె. వారం వాచీ అరగంటకే పదిహేను ఇరవై శాతం దిగిందంటే సెల్లు అయిపోయింది. తర్వాత అమ్మేవాని ముందే అతని ఫోన్ యాప్‌లోంచి వాచీని విడగొట్టించి, రీసెట్ కొట్టించి, మీ ఫోనుకు కలిపి చూసుకున్నాకే డబ్బులు ఇవ్వండి. యాపిల్ వాచీ అయితే పాత యజమాని ఖాతా తాళం తీయకుంటే అది ఎవరికీ తెరుచుకోదు.