తాళ్లపాక కచేరీలకు వెళ్తుంటే రాజంపేటలో దిగండి

అన్నమయ్య జయంతి వైశాఖ పౌర్ణమికి వస్తుంది, అంటే మా రాయలసీమలో ఎండ నెత్తిన నిప్పులు పోసే రోజులు. ఆ ఉత్సవాల్లో జరిగే సంగీత కార్యక్రమాల కోసం ఆయన పుట్టిన తాళ్లపాక వచ్చేవాళ్లలో చాలామంది కడపలో రూము తీసుకుంటారు, లేదా తిరుపతి నుంచి పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం భోజనం వేళకి తిరుగు బస్సెక్కేస్తారు. రెండూ వద్దంటాను. ఎండ దిగాక, వినేవాళ్లు తీరిగ్గా కూర్చున్నాక సాగే సాయంత్రం పాటలే అసలైనవి. కడప నుంచి రాజంపేట యాభై కిలోమీటర్ల పైమాటే, రాత్రి బస్సు దొరుకుతుందో లేదోనన్న టెన్షన్ మొదలైతే చివరి కీర్తనలు చెవికెక్కవు. రాజంపేటలో ఉంటే తాళ్లపాకకు ఆటోలో కాసేపే. రైల్లో వచ్చేవాళ్లకూ రాజంపేట స్టేషనే ఉంది.

లాడ్జీల సంగతి మాత్రం ముందే చెప్పాలి. నేను మొదట దిగిన చోట ఏసీ రూమని డబ్బు కట్టించుకున్నారు, సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ చాలదు సార్, ఫ్యాను వేసుకోండి అన్నారు. డబ్బు తగ్గించమంటే కౌంటర్లో అబ్బాయి "ఓనరన్న ఊర్లో లేడు సార్" అని ఊరుకున్నాడు. కాబట్టి ఏసీ వేయించి, గది చల్లబడేదాకా అక్కడే ఉండి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి. తర్వాత మారిన చోటు చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, రాత్రి ఎంత ఆలస్యమైనా గేటు తీశారు, కచేరీలకు వెళ్లేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి. సౌకర్యంలో కడప హోటళ్లు మేలే. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటే కడపలోనే ఉండి కారు మాట్లాడుకోండి, దారిలో ఒంటిమిట్ట కోదండరామస్వామి దర్శనం కూడా అవుతుంది.

పాటలు వినడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి హైవే పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం దగ్గర, రెండోది ఊళ్లో ధ్యానమందిరం. విగ్రహం దగ్గర జాగా ఎక్కువ, బండి పెట్టుకోవడం సులువు, సాయంత్రం గాలి కూడా తగులుతుంది. కానీ అది కడప–తిరుపతి రోడ్డు, ఆలాపన మంద్రంలోకి, అంటే కింది స్థాయికి, దిగి నిలిచే సరికి ఏదో ఒక లారీ హారను కొడుతుంది. జానపదం బాణీలో హుషారుగా సాగే పాటలకు ఫరవాలేదు గానీ నెమ్మదైన రాగానికి అది కుదరని చోటు. ఊళ్లో ఉక్క ఎక్కువ, జనం ఒత్తుకుని కూర్చుంటారు, అయినా నా ఓటు ఊళ్లోని మందిరానికే.

అన్నమయ్య కీర్తనలు ఏడింటిని అందరూ కలిసి పాడే సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానం అక్కడే వినాలి. మన సంగీతంలో పెద్ద ఆర్కెస్ట్రా సంప్రదాయం లేదు, ఒక గాయకుడు, ఒక వయొలిన్, ఒక మృదంగంతో కచేరీ నడుస్తుంది. అలాంటిది పదుల గొంతులు, వాటితోపాటు వయొలిన్లు, మృదంగాలు ఒకే శ్రుతిలో కలిసి "భావములోనా" ఎత్తుకుంటే కూర్చున్న నేల కూడా మోగినట్టుంటుంది. "బ్రహ్మ కడిగిన పాదము" వచ్చేసరికి కింద కూర్చున్నవాళ్లే సగం పాడేస్తున్నారు. నా పక్కన ఒక పెద్దావిడ, పుస్తకం లేదు, కాగితం లేదు, ఒక్క మాట తప్పకుండా పాడింది. ఏ ఊరమ్మా అంటే నందలూరంది. "చిన్నప్పట్నుంచి వస్తాండా నాయనా, నువ్వింగ ముందుకు జరుగు, ఆడ బాగా వినపడ్తాది" అని నన్ను వేదిక దగ్గరికి నెట్టింది.

అలా ముందు కూర్చోబట్టే మృదంగం ఆయన పడ్డ పాట్లు చూశాను. మృదంగానికి ఎడమవైపు మూతకి తడి రవ్వ ముద్ద అంటిస్తారు, నాదం బరువు దానిదే. ఆ ఎండకి అది పాట పాటకీ పిడచగట్టిపోతోంది. ఆయన చెంబులో వేళ్లు ముంచి తడుపుతూ, చెవి దగ్గర పెట్టుకుని చూసుకుంటూ, కుడివైపు అంచు మీద రాయితో తట్టి శ్రుతి సరిచేస్తూ, ఒక్కసారి కూడా తాళం జారనివ్వలేదు. ఇలాంటి వాళ్లకి ఇంకొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలి. ఒక్కో బృందం వేడెక్కేలోపే మంగళం పాడాల్సి వస్తోంది, శాలువాల కార్యక్రమం తగ్గిస్తే ఇంకో కీర్తన వినొచ్చు.

ఈ బాణీలు మనదాకా ఎలా వచ్చాయో తెలిస్తే ఆ సమయం విలువ ఇంకా తెలుస్తుంది. అన్నమయ్య 1408 నుంచి 1503 వరకు జీవించారు, 32,000 సంకీర్తనలు చెప్పారంటారు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. అంటే ఆయన పాడిన వరసలు మనకు అందలేదు. ఇరవయ్యో శతాబ్దంలో వాటికి మళ్లీ స్వరం కట్టినవాళ్లలో ముందువరసలో ఉన్నది మా అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, 1974లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చి గౌరవించిన పండితుడు. కడప సీమలో పుట్టిన పదానికి అనంతపురం మనిషి స్వరం ఇవ్వడం, అది మళ్లీ ఈ ఊళ్లోనే వినపడడం నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను.

పగలు ఖాళీగా ఉంటే పొద్దున్నే నందలూరు సౌమ్యనాథస్వామి గుడికి వెళ్లండి, మధ్యాహ్నమైతే రాతి నేల మీద కాలు పెట్టలేరు. పక్కనే చెయ్యేరు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయింది ఈ ఏటి వెంబడే.

తిండికి రాజంపేటలో ఇబ్బంది లేదు. పొద్దున కారం దోశ, మధ్యాహ్నం సంగటి, చెనక్కాయల ఊరిమిండి (వేరుశనగ పచ్చడి) దొరికే చిన్న హోటళ్లున్నాయి, మామిడిపండ్లు రోడ్డు పక్కనే అమ్ముతారు. రాత్రి కచేరీ అయ్యాక మాత్రం చాలావరకు మూసేస్తారు, ఏదైనా ముందే కట్టించుకుని పెట్టుకోండి. తిరుగు ఆటో కూడా వెళ్లేటప్పుడే మాట్లాడుకోండి, అప్పటికప్పుడు అడిగితే రేటు రెండింతలు చెబుతారు. మే నెల ఎండ పడనివాళ్లు ఫాల్గుణ బహుళ ద్వాదశికి వచ్చే వర్ధంతికి రండి, అప్పుడూ గోష్ఠిగానం ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు.