సముద్రం పక్కన ఇంటికి పీపీసీ సిమెంటు వాడాం, ఎలా ఉందో చెప్తా

మాది కావలి దగ్గర తుమ్మలపెంట వైపు. సముద్రం ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. 2025 మే నుంచి డిసెంబరు దాకా పాత ఇల్లు బాగు చేయించి, పైన ఒక అంతస్తు వేశాం. మొత్తం మీద దాదాపు 380 బస్తాలు పట్టాయి, వాటిలో మొదటి 40, మెట్ల పునాదికి వేసిన కొన్ని తప్ప మిగతావన్నీ పీపీసీనే, అంటే బొగ్గు బూడిద కలిపి చేసే పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే మధ్యలో ఒకసారి స్టాకు లేక కంపెనీ మార్చాం, తేడా ఏమీ తెలియలేదు. నేను చెప్పేది సిమెంటు రకం గురించి. ఇల్లు కట్టేవాళ్లంతా "53 గ్రేడేనా?" అని అడుగుతున్నారు గానీ ఆ 53 ఏమిటో ఎవరూ అడగట్లేదు, నేనూ అడగలేదు, దానివల్ల ఒక గోడ పూత పోగొట్టుకున్నా.

ముందు పాత స్లాబు సంగతి చెప్పాలి. 2003లో నాన్న కట్టించినప్పుడు ఇసుక దగ్గర్లో దొరికిందే వాడారు, నీళ్లు ఇంటి బోరువి, నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండేవి. పదిహేనేళ్లు బాగానే ఉంది. ఆ తర్వాత వంటగది పైన గోధుమ రంగు గీతలు మొదలయ్యాయి, ఊచలు ఎటు పోతే గీత అటు. ఒక రాత్రి నాన్న మంచం మీద అరచేయంత పెచ్చు పడింది. ఆయన అప్పుడే మంచినీళ్లకు లేచాడు కాబట్టి సరిపోయింది. పెచ్చు ఊడిన చోట చూస్తే ఊచ పొరలు పొరలుగా ఉబ్బి ఉంది, గోరుతో గీకితే తుప్పు రాలుతోంది. ఆ రోజు నుంచే నాకు సిమెంటు అంటే పట్టింపు వచ్చింది.

సరే, మే నెలలో పని మొదలు. ముందు పడమటి గోడ పాత ప్లాస్టరింగ్ కొట్టేసి కొత్తది చేయాలి. టౌనులో ఒక షాపులో 53 గ్రేడు 40 బస్తాలు తెచ్చాం. మేస్త్రి మామ కూడా "53 అయితే తొందరగా పట్టేస్తాది అమ్మాయ్, పని నడుస్తాది" అన్నాడు. నిజమే, తొందరగానే పట్టింది. మిట్టమధ్యాహ్నం వడగాలిలో మాలు బిగుసుకుపోతుంటే కూలీలు మళ్లీ నీళ్లు చల్లి మెత్తబరిచి వాడారు, సాయంత్రానికి గోడ పొడిగా తెల్లబడిపోయింది. వారం తిరక్కుండానే సాలెగూడులాగా వెంట్రుక వాసి బీటలు. వేలితో తడితే రెండు మూడు చోట్ల డొల్లగా మోగింది. ఆ గోడ పూత కొట్టేసి మళ్లీ చేయించాం.

తప్పంతా సిమెంటుది అనను. ఎండలో చేయించడం, బిగిసిన మాలులో మళ్లీ నీళ్లు కలపడం, మర్నాడు నీళ్లు కొట్టకపోవడం, ఇవన్నీ మా తప్పులే. కానీ 53 గ్రేడు తొందరగా వేడెక్కే, తొందరగా బలం వచ్చే రకం, అలాంటి తప్పుల్ని అది అసలు క్షమించదు. గోడ పూతకు అంత తొందర మనకెందుకు?

ఆ 40 బస్తాల్లో ఇంకో బాధ కూడా ఉంది. ఏడు బస్తాల్లో గడ్డలు. వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోయే గడ్డలు కావు, రాయిలాంటివి. అప్పుడు బస్తా తిప్పి చూస్తే తయారైన వారం, సంవత్సరం ముద్ర ఉండాల్సిన చోట చెరిగిపోయి ఉంది. షాపుకు పోయి గట్టిగా అడిగితే నాలుగు వెనక్కి తీసుకున్నారు, మూడింటి డబ్బులు పోయాయి. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్ష చేయించకుండా వాడొద్దని ఇంజినీరు తర్వాత చెప్పాడు. మన దగ్గర సముద్రపు గాలి తేమకు అన్ని రోజులు కూడా ఆగదనుకోండి. బస్తా దింపించుకునే ముందు ముద్ర చదవండి, కనపడకపోతే దింపనివ్వకండి, షాపువాడు మొహమాటపెట్టినా సరే.

ఇక 53 అంటే ఏమిటో చెప్తా. ఆ సిమెంటుతో చేసిన ప్రామాణిక ముద్ద 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు కనీసం 53 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలి, అంతే. 43 అంటే 43. అది నాణ్యతకు మార్కులు కాదు. పీపీసీకి రూలు ప్రకారం 28 రోజులకు 33 చాలు. ఈ అంకె చూసే జనం భయపడతారు, మా బాబాయి అయితే "బూడిద కలిపిన సిమెంటుతో ఇల్లు కడతావా" అని రెండు రోజులు మాట్లాడలేదు. బూడిద కలిసిన మాట నిజమే. బొగ్గు కాల్చే థర్మల్ ప్లాంట్ల బూడిద అది, మనకు కృష్ణపట్నం దగ్గర నేలటూరులో ఉన్నట్టివి. దాన్ని 15 నుంచి 35 శాతం దాకా కలపడానికి పీపీసీకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1489 ఒప్పుకుంటుంది. అది కల్తీ కాదు. మామూలు సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం మిగిలిపోతుంది, ఈ బూడిద నిదానంగా ఆ సున్నంతో కలిసి ఇంకా గట్టి పదార్థంగా మారి లోపలి సన్న సన్న రంధ్రాల్ని పూడ్చేస్తుంది. అందుకే మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది, నెలలు గడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది, ఉప్పు నీళ్లు లోపలికి దిగడం కష్టమవుతుంది. మా ఇంట్లో ఊచల్ని తినేసింది ఆ ఉప్పే కాబట్టి నాకు కావాల్సింది కూడా ఇదే.

పోర్ట్‌లాండ్ అంటే కంపెనీ పేరనుకునేవాళ్లున్నారు, నేనూ అట్లాగే అనుకున్నా. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ పనివాడు దీనికి పేటెంటు తీసుకుని, గట్టిపడ్డాక అక్కడి పోర్ట్‌లాండ్ రాయిలా ఉంటుందని ఆ పేరు పెట్టాడు. ఓపీసీ (43, 53 గ్రేడుల్లో వచ్చే మామూలు సిమెంటు) అయినా పీపీసీ అయినా మూలం ఆ జాతే.

స్తంభాలు, స్లాబు పీపీసీతో సెప్టెంబరులో వేశాం. అదే నెల 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, స్లాబు తర్వాత తెచ్చిన లోడుకు అది కొంచెం కలిసొచ్చింది. సముద్రం పక్కన కాబట్టి ఇంజినీరు ఎం30 కాంక్రీటే (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు తట్టుకునేది) రాశాడు, తట్టల లెక్క వద్దని తూకం వేయించాడు. ఊచల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర, అంటే కవరు, ఉండేలా కింద బిళ్లలు పెట్టించాడు, పాత ఇంట్లో చూస్తే ఆ కవరు వేలు మందం కూడా లేదు. నీళ్లు మాత్రం బోరువి ముట్టుకోనివ్వలేదు, పరీక్ష చేయిస్తే క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాముల హద్దు దాటింది, ట్యాంకరు నీళ్లే తెప్పించాం. ఖర్చయింది. బాధ లేదు.

వేసే రోజు తేడా బాగా తెలిసింది. పీపీసీ కాంక్రీటు జిగురుగా, మెత్తగా, వెన్నలాగా పరుచుకుంటుంది, తాపీ కింద గరగరమనదు. "ఇంకో బక్కెట్ నీళ్లు పొయ్యి" అనే కేక ఆ రోజు ఎవరూ వేయలేదు, అదే పెద్ద లాభం. కాంక్రీటులో ఎక్కువైన ప్రతి చెంబు నీళ్లు రేపు ఆరిపోయి ఒక రంధ్రం వదిలిపోతుంది.

మైనస్సులు కూడా ఉన్నాయి, దాచను. నిదానం. చలికాలం ఉదయం పూత పెడితే చెక్కబల్ల లాగడానికి మధ్యాహ్నం దాకా కూర్చోవాల్సి వచ్చింది, మేస్త్రి మామకు రోజు కూలీ లెక్కలో చిరాకు. సెంట్రింగ్ (కాంక్రీటు కింద ఆనించే చెక్కల ఆసరా) కూడా తొందరగా విప్పకూడదు, స్లాబు కింద మేము 21 రోజులు ఉంచాం, దాని అద్దె మన నెత్తినే. రెండు రోజుల్లో పని అయిపోవాలి, నాలుగో రోజు నడవాలి అనేవాళ్లకు ఇది నచ్చదు.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు కొట్టడం. ఓపీసీకి కనీసం 7 రోజులు తడి ఆరకూడదు, పీపీసీకి 10, ఎండాకాలం వేడిగాలుల్లో అయితే 14. ఇది కాంక్రీటు పనికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 456లో ఉన్న మాటే. రోజుకు రెండుసార్లు పైపు పట్టుకుని గోడ మీద చిమ్మడం నీళ్లు కొట్టడం కాదు, మధ్యలో ఆరిపోతే లోపల జరిగే పని ఆగిపోతుంది. స్లాబు మీద మాలుతో చిన్న చిన్న మడులు కట్టి, వరి మడిలాగా నీళ్లు నిలబెట్టాం. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి తడిపాం. అమ్మ తెల్లారి నాలుగున్నరకే లేచి చెంబుతో పైకి పోయి మడులు చూసి వచ్చేది. ఎక్కడైనా మడి గండి పడి ఖాళీ అయితే కింద నుంచే కేకేసేది, "అరే, ఈశాన్యం మూల ఎండిపోయిందిరా!" అని.

అక్టోబరు చివర మొంథా తుఫాను వానలప్పుడు ఇంట్లో 60 బస్తాలున్నాయి. కరెంటు లేదు, వరండాలోకి జల్లు కొడుతోంది. ముందే కింద చెక్కలు వేసి, గోడకు ఆనకుండా, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్చి, మీద రెండు పొరల పట్టా కప్పి అంచులకు ఇటుకలు పెట్టాం. నాలుగు రోజుల తర్వాత విప్పితే ఒక్కటి కూడా గడ్డ కట్టలేదు. చేయి లోపలికి పెడితే చల్లగా, మెత్తగా, పిండిలాగా ఉంది. మే నెలలో డబ్బు పెట్టి తెచ్చిన బస్తాల్లో రాళ్లు దొరికాయి, తుఫాను దాటిన వీటిలో దొరకలేదు.

ఇంకోటి, దీని గురించి ఎవరూ రాయరు. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. మా దగ్గర మాలు అందించే అక్క ఒకామె చెప్పులు లేకుండా మాలులో తొక్కింది, సాయంత్రానికి వేళ్ల మధ్య ఎర్రగా పచ్చి పుండ్లు. పని మానేస్తే కూలీ పోతుందని చెప్పలేదట. నాకు తెలిసేసరికి రెండో రోజు. కొబ్బరినూనె రాసుకుని వచ్చింది. నూనె కాదు, అంటిన వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడగాలి, పుండు పడితే డాక్టరుకు చూపించాలి. ఆ రోజే కావలి పోయి రబ్బరు చేతి తొడుగులు, గమ్ బూట్లు ఆరు జతలు తెచ్చా. మొత్తం ఇంటి ఖర్చులో అది లెక్కలోకే రాదు. ఇల్లు కట్టిస్తున్నవాళ్లు దయచేసి ఇవి ముందే తెచ్చి పెట్టండి, వాళ్లు అడగరు.

చిన్న పనులకు కూడా పీపీసీనే వాడా. గోడ ఇటుక పనికి 1:6 (ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక), బయట పూతకు 1:5, సీలింగుకు 1:4. బాత్రూం నేల, సంపు లోపలి పూత, బట్టలుతికే బండ కింద దిమ్మె, గేదెల కుడితి తొట్టి, అన్నీ బాగా వచ్చాయి. టైల్స్ సందులకు తెల్ల సిమెంటు వేరే తెచ్చుకోవాలి, పీపీసీ ఆ పని చేయదు. పునాది దగ్గర నేలే ఉప్పుగా ఉండి, నీళ్లు ఊరే చోటయితే స్లాగ్ సిమెంటు, అంటే పీఎస్సీ, దొరుకుతుందేమో అడగండి. స్టీలు ప్లాంటు కొలిమి బూడిద కాదు, కొలిమిలో మిగిలే తెట్టును పొడి చేసి కలుపుతారు, ఉప్పు నేలకు మంచిది. కొత్తగా లేపిన మెట్ల కింద పునాదికి మా ఇంజినీరు అదే వేయించాడు.

ఐదుకు నాలుగున్నర ఇస్తా. ఆ అర తగ్గించింది నిదానానికి, సెంట్రింగ్ అద్దెకు. నవంబరు వానలన్నీ కురిసినా పైగదుల సీలింగు మీద తడి మచ్చ లేదు, కొత్త పడమటి గోడను నాన్న వేలి కణుపుతో అంగుళం అంగుళం కొట్టి చూశాడు, ఎక్కడా డొల్ల మోగలేదు. బాబాయి వచ్చి చూసి ఏమీ అనలేదు గానీ, పోయేటప్పుడు మేస్త్రి మామ ఫోన్ నంబరు అడిగి రాసుకున్నాడు.

మిగిలిన సిమెంటుతో మొన్న పెరట్లో తులసి కోట కట్టించాం. దానికీ అమ్మ గోనెపట్టా చుట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చెంబుతో తడుపుతోంది. ఇవాళ్టికి తొమ్మిదో రోజు, ఇంకా అయిదు రోజులు ఎవరినీ పట్టా తీయనివ్వదట.