ముషీరాబాద్ కాకా చేసిన కూలర్: పదేళ్ళు వాడాక

మా ఇంట్లో ఉన్నది కంపెనీ కూలర్ కాదు. హైదరాబాద్ ముషీరాబాద్‌లో ఒక చిన్న షాపులో చేయించుకున్న ఇనుప రేకు కూలర్. చేసిచ్చిన కాకా నిరుడు పోయారు. కూలర్ గురించి రాస్తూ ఆయన్ని పక్కన పెట్టడం నా వల్ల కాదు.

ముందు పనితనం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు గాలిలో తేమ ఉండదు కాబట్టి కూలర్ పక్కల్లో పెట్టిన గడ్డి మీది నీళ్ళు గబగబా ఆవిరవుతాయి, గది నిజంగానే చల్లబడుతుంది. కూలర్ కిటికీ బయట ఉండాలి, ఎదురు తలుపు ఓరగా తీసి పెట్టాలి. అన్నీ మూసేస్తే కాసేపటికే ఉక్కపోత. జూన్‌లో వానలు పడ్డాక పంపు ఆపేసి ఉత్త ఫ్యానులా వాడుకోవడమే. చప్పుడు ఎక్కువ. బోరు నీళ్ళు పోస్తే గడ్డికి తెల్లగా ఉప్పు పడుతుంది, అందుకే నల్లా నీళ్ళు పోస్తాం. గడ్డి ఏటా మార్చాల్సిందే.

ఇన్నేళ్ళలో పంపులు మారాయి, మోటర్ ఇరుసు తిరిగే బుష్‌లు మారాయి, అడుగు రేకు కొంత తుప్పు పట్టింది. మోటర్ వైండింగ్, అంటే లోపలి తీగ చుట్లు, మాత్రం ఇప్పటికీ కాకా చుట్టిందే.

ఆయన ఐటీఐ చదవలేదు. చిన్నతనంలో రాణిగంజ్‌లో పంపుల షాపులో సామాను మోస్తూ, కాలిపోయిన మోటర్లు విప్పి నేర్చుకున్నారు. పాత తీగ విప్పేటప్పుడు ఏ స్లాటులో (గాడిలో) ఎన్ని చుట్లు, తీగ ఏ గేజ్ (మందం) అన్నది లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఒక పేజీలో మోటర్ లెక్కలు, ఎదురు పేజీలో పిల్లల స్కూలు ఫీజులు. అల్యూమినియం తీగైతే చౌక కదా అని అడిగితే, "కాలేది నీ ఇంట్లనే కదా బిడ్డా" అని రాగి తీగే చుట్టారు.

కూలర్ తీసుకోవడానికి వెళ్ళిన రోజు రంగు కూడా ఆరిపోయి అంతా సిద్ధంగా ఉంది. కాకా మాత్రం, రేకుకు కరెంటు వస్తే షాక్ కొట్టకుండా నేలలోకి పంపే ఎర్త్ తీగ బోల్టు విప్పి, దాని కింది రంగును గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, మళ్ళీ బిగించారు. "రంగు మీద బిగిస్తే ఎర్త్ పెట్టినా పెట్టనట్టే." మా ఇంటికొచ్చి ప్లగ్ పాయింట్లో టెస్ట్ ల్యాంప్ పెట్టి చూస్తే ఎర్త్ లేదు. ఎలక్ట్రీషియన్‌తో వేయించేదాకా కూలర్ ఆన్ చేయనివ్వలేదు. పిల్లలున్న ఇల్లని, నీళ్ళు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలని మా ఆవిడకు మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఇప్పటికీ అలాగే చేస్తున్నాం.

షాపు డబ్బు లెక్కలన్నీ కాకా భార్య, చిన్నమ్మ చేతిలోనే ఉండేవి. మధ్యాహ్నం ఆమె క్యారేజీ తెచ్చేది, ఇద్దరూ కలిసి తినేవాళ్ళు, అంతదాకా ఎవరొచ్చినా ఆగాల్సిందే. కూలర్ల గిరాకీ మొదలయ్యేది మార్చిలో, కూతురి ఇంటర్ పరీక్షలూ అప్పుడే. అయినా పొద్దున్నే షట్టర్ దించి పిల్లను స్కూటర్ మీద సెంటర్‌కు తీసుకెళ్ళి, పరీక్ష అయ్యేదాకా గేటు బయటే నిలబడేవారు. ఆ గిరాకీ పోయిందని ఆయన బాధపడగా నేను చూడలేదు.

ఇప్పుడు షాపు ఆ కూతురూ అల్లుడూ నడుపుతున్నారు. మొన్న బుష్ మార్చడానికి ఇస్తే ఆ అమ్మాయే ఎర్త్ బోల్టు విప్పి చూసింది. కిటికీ బయట చోటు లేని ఫ్లాట్ అయితే ఇలాంటి కూలర్ వద్దు. చోటుంటే ఫిబ్రవరిలోనే చెప్పి పెట్టుకోండి, మార్చి వచ్చిందంటే వాళ్ళకు తీరిక ఉండదు.